ఊరి లెక్క ఊళ్ళోనే: స్థానిక సర్వర్ మీద పైథాన్ వెబ్ అప్లికేషన్

స్థానిక సర్వర్ అంటే, వెబ్ పేజీలు అందించే పనిని ఎక్కడో దూరాన ఉన్న అద్దె యంత్రానికి ఇవ్వకుండా మన బల్ల మీది కంప్యూటరుకో, అదే కప్పు కింద ఉన్న మరో పెట్టెకో అప్పగించడం. పైథాన్ నేర్పే పుస్తకాలు దీన్ని మొదటి మెట్టుగా మాత్రమే చూపిస్తాయి. ప్రోగ్రాం రాయండి, సొంత కంప్యూటరులో నడిపి చూసుకోండి, బాగుంటే క్లౌడుకు ఎక్కించండి అంటాయి. లోకల్ అంటే తాత్కాలికం అన్న అభిప్రాయం అలా పాతుకుపోయింది. కృష్ణా డెల్టా దిగువన, మచిలీపట్నానికి పడమరగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఘంటసాల లాంటి ఊరి అవసరాలను ఎదురుగా పెట్టుకుని చూస్తే ఈ అభిప్రాయం నిలబడదు. సర్వర్ ఎక్కడుండాలో, దానిలోని లెక్కను చదివేవాళ్ళు ఎక్కడున్నారన్న దాన్ని బట్టి తేలాలి. చదివేవాళ్ళంతా ఒకే ఆఫీసులోనో ఒకే బడిలోనో ఉంటే స్థానిక సర్వరే ఆ అప్లికేషనుకు శాశ్వత చిరునామా కావచ్చు. దీనికి మన తెలుగు రాష్ట్రాల చరిత్రలోనే సాక్ష్యాలున్నాయి. అభ్యంతరాలు కూడా ఉన్నాయి, వాటిలో కొన్ని గట్టివే.

ముందు యంత్రాంగం. బ్రౌజరు ఒక చిరునామాకు అభ్యర్థన పంపుతుంది, సర్వర్ దానికి పేజీ తిరిగి పంపుతుంది. రెండూ ఒకే కంప్యూటరులో ఉన్నా ఈ వ్యవహారం మారదు. 127.0.0.1 అనే చిరునామా ప్రతి కంప్యూటరుకూ తనను తాను పిలుచుకునే పేరు. దానికే లోకల్‌హోస్ట్ అని వాడుక. చిరునామా పక్కన వచ్చే అంకె పోర్టు. పోర్టు అనే మాట బందరు (మచిలీపట్నం) వాళ్ళకు కొత్త కాదు గానీ ఇక్కడ అది రేవు కాదు, ఒకే ఇంటికున్న అనేక తలుపుల్లో ఒకదాని నంబరు. పైథాన్‌తో వెబ్ అప్లికేషన్లు కట్టే ఫ్రేమ్‌వర్కుల్లో ఫ్లాస్క్ మామూలుగా 5000 నంబరు తలుపు దగ్గర, జాంగో 8000 దగ్గర నిలబడతాయి. పైథాన్‌తో పాటే వచ్చే హెచ్‌టీటీపీ సర్వర్ మాడ్యూలుదీ 8000 నంబరే. ఒకే తలుపు దగ్గర ఇద్దరు నిలబడలేరు కనుక ఒకటి నడుస్తుండగా రెండోది మొదలుపెడితే చిరునామా ఇప్పటికే వాడుకలో ఉందన్న సందేశం వస్తుంది. కొత్తవాళ్ళు దీన్ని చూసి తమ ప్రోగ్రాం చెడిపోయిందనుకుంటారు. చెడిపోయిందేమీ లేదు, నంబరు మారిస్తే చాలు.

సర్వర్‌కీ ప్రోగ్రాంకీ మధ్య మాట ఎలా నడవాలో 2003లో ప్రతిపాదించిన డబ్ల్యూఎస్‌జీఐ అనే ఒడంబడిక చెబుతుంది. అంతకుముందు ఒక ఫ్రేమ్‌వర్కుతో రాసినది తనకు తెలిసిన సర్వర్ల మీదే నడిచేది. ఒడంబడిక వచ్చాక, ఇంట్లో చిన్న సర్వర్ మీద నడిచిన ప్రోగ్రామును ఒక్క వరుస మార్చకుండా పెద్ద సర్వర్ కింద పెట్టే వీలు కలిగింది. స్థానికంగా మొదలుపెడితే తర్వాత ఇరుక్కుపోతామన్న భయానికి సగం జవాబు ఇక్కడే ఉంది. జాంగో పుట్టుక కూడా ఈ చర్చకు పనికొచ్చే సంగతి. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని లారెన్స్ అనే చిన్న పట్టణపు దినపత్రిక కార్యాలయంలో, ఆ ఊరి వార్తల అవసరం కోసం, ఏడ్రియన్ హొలోవాటీ, సైమన్ విల్లిసన్ 2003లో దాన్ని మొదలుపెట్టారు. 2005లో అందరికీ విడుదలైంది. ఆర్మిన్ రొనాకర్ 2010లో ఏప్రిల్ ఒకటో తేదీ వేళాకోళంగా మొదలుపెట్టిన పని ఆ తర్వాత ఫ్లాస్క్‌గా మారింది. చిన్న చోట చిన్న అవసరానికి పుట్టడం ఈ పనిముట్లకు లోపం కాలేదు.

ఇక ఊళ్ళోకి వద్దాం. ఘంటసాలలో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధన స్థానం, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. వరి కోతకు కొద్ది రోజుల ముందు చేలో మినుము చల్లి, వరి కోశాక మిగిలిన పదునుతోనే పంట తీయడం ఈ మాగాణుల పద్ధతి. కనుక ఏడాదిలో కొద్ది వారాలపాటు మినుము విత్తనాల కోసం ఒక్కసారిగా తాకిడి ఉంటుంది. ఉదాహరణకు ఇలాంటి ఊళ్ళో ఏదో ఒక విత్తనాల దుకాణమో సహకార సంఘమో స్టాకు పుస్తకాన్ని కంప్యూటరులో పెట్టుకోవాలనుకుందనుకుందాం. కావలసినవి రెండే పేజీలు: ఏ రకం ఎన్ని బస్తాలుందో చూపేది ఒకటి, వచ్చిందీ పోయిందీ రాసే ఫారం ఒకటి. ఫ్లాస్క్‌లో ఇది వంద వరుసలు దాటదు. పైథాన్ వేసుకుని, ఈ పనికి విడిగా ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ తెరిచి, పిప్ అనే ప్యాకేజీల సాధనంతో ఫ్లాస్క్ తెచ్చుకుంటే చాలు. ఇంటర్నెట్ అవసరం ఆ ఒక్కసారికే. లెక్క దాచడానికి ఎస్‌క్యూలైట్ సరిపోతుంది. రిచర్డ్ హిప్ 2000లో విడుదల చేసిన ఈ డేటాబేసు 2006లో వచ్చిన పైథాన్ 2.5 నుంచి భాషతో పాటే వస్తోంది. పుస్తకం మొత్తం ఒక్క ఫైలు. ఒకరు రాస్తున్నప్పుడు రెండోవారు క్షణం ఆగాలి తప్ప చదివేవాళ్ళకు పరిమితి లేనట్టే. గల్లా పెట్టె దగ్గర ఒకరు, గోదాంలో ఒకరు ఉండే చోట ఆ క్షణం ఎవరికీ తెలియను కూడా తెలియదు.

మొదటి రోజు ఎదురయ్యే చిక్కు దాదాపు అందరికీ ఒకటే. ప్రోగ్రాం రాసిన కంప్యూటరులో పేజీ కనిపిస్తుంది, గోదాంలో ఉన్నవాళ్ళ ఫోనులో కనిపించదు. 127.0.0.1 అంటే ఎవరికి వారే కదా, ఫోను అడిగితే ఫోను తనలో తానే వెతుక్కుంటుంది. సర్వర్‌ను 0.0.0.0 మీద, అంటే ఈ యంత్రానికున్న అన్ని చిరునామాల మీదా వినమని చెప్పి, ఫోనులో ఆ యంత్రపు అసలు నెట్‌వర్కు చిరునామా కొట్టాలి. అది సాధారణంగా 192.168తో మొదలవుతుంది. ఇలాంటి చిరునామాలను ప్రైవేటు నెట్‌వర్కులకోసం ప్రత్యేకించారు. బయటి ఇంటర్నెట్ నుంచి ఎవరూ నేరుగా వీటికి రాలేరు. అప్పటికీ పేజీ రాకపోతే విండోస్ ఫైర్‌వాల్ అడ్డుకుంటూ ఉండవచ్చు. కరెంటు పోయి రౌటరు మళ్ళీ లేచాక చిరునామా మారిపోవడం ఇంకో తలనొప్పి. రౌటరు సెట్టింగుల్లో ఆ కంప్యూటరుకు ఒక చిరునామా ఖాయం చేస్తే అది తీరుతుంది. ఒక వైఫై రౌటరు, ఒక పాత కంప్యూటరు. పరికరాల ఖర్చు ఇంతే, నెలవారీ బిల్లు లేదు.

తెలుగులో రాసేవాళ్ళకు మాత్రం ఇంకో అధ్యాయం ఉంది. ఇంగ్లిషు పుస్తకాల్లో ఇది కనిపించదు కనుక కొంచెం వివరంగానే చెప్పాలి. ఘంటసాల అన్న పేరును మనం నాలుగు అక్షరాలుగా చదువుతాం. పైథాన్‌ను పొడవు అడిగితే ఆరు అంటుంది: ఘ, సున్న, ట, స, దీర్ఘం, ల విడివిడి సంకేతాలు కాబట్టి. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు, మొత్తం 18. అదే పేరు వెబ్ చిరునామాలోకి ఎక్కితే ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిసి మూడు గుర్తులై 54కు చేరుతుంది. ఇదేదో వింత లెక్క అనుకుని వదిలేయడానికి లేదు. జాగా చాలదని కృష్ణా అన్న మాటను మొదటి నాలుగు సంకేతాల దగ్గర కత్తిరిస్తే 'కృష్' అని పొల్లుతో మిగులుతుంది. పైథాన్ అన్న మాటలోని ఐత్వాన్ని కూడా ఒకే సంకేతంగానూ, రెండు ముక్కలుగానూ దాచవచ్చు. చూడ్డానికి రెండూ ఒకటే, వెతికితే ఒకటి దొరికి ఒకటి దొరకదు. ఫారంలో వచ్చిన ప్రతి మాటనూ దాచేముందు యూనికోడ్ నార్మలైజేషన్ చేయడం, అంటే ఒకే రూపానికి తేవడం, దీనికి మందు. వరుసక్రమంలోనూ తేడా ఉంది. యూనికోడ్‌లో ళ అక్షరం వ కంటే ముందుంటుంది, మన బాలశిక్ష వరుసలో హ తర్వాత వస్తుంది. ఎస్‌క్యూలైట్ తన మానాన తాను సర్దితే యూనికోడ్ వరుసే వస్తుంది. పెద్ద జాబితాలో పేరు వెతుక్కునే పెద్దవాళ్ళకు అది చిరాకు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. 2008లో వచ్చిన పైథాన్ 3లో ప్రతి పదమూ యూనికోడే కనుక తెలుగు ప్రత్యేక సదుపాయమేమీ అడగదు. ౧౯౭౭ అని తెలుగు అంకెల్లో రాసి పూర్ణాంకంగా మార్చమంటే పైథాన్ తడబడకుండా 1977 ఇస్తుంది. పాత కాగితాల్లోని అంకెలను ఉన్నవున్నట్టుగా ఎక్కించుకునేవాళ్ళకు ఇది చిన్న వరం. తడబాటు వచ్చేది ఫైళ్ళ దగ్గర. విండోస్‌లో ఎన్‌కోడింగ్ చెప్పకుండా ఫైలు తెరిస్తే చాలా కంప్యూటర్లలో పాత పశ్చిమ యూరపు పట్టికే వాడుకలోకి వచ్చి, తెలుగు రాయబోతే ప్రోగ్రాం ఆగిపోతుంది. యూటీఎఫ్-8 అని ప్రతిచోటా విడమరిచి రాయాలి. సీఎస్‌వీ ఫైలును ఎక్సెల్‌లో తెరిస్తే పిచ్చిగీతలు కనిపించడానికీ మూలం ఇదే. ఫైలు మొదట్లో ఒక గుర్తు పెట్టే రకం యూటీఎఫ్-8 వాడితే సర్దుకుంటుంది. ఈ పాఠాలన్నీ నేర్చుకోవడానికి స్థానిక సర్వర్ కంటే మంచి చోటు లేదు. తప్పు జరిగితే కనబడేది మన కళ్ళ ముందే, సరిచేసి పేజీని మళ్ళీ తెరవడానికి పట్టేది క్షణమే.

ఇప్పుడు సాక్ష్యాలు. 1998 నవంబరు 4న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్డ్ అనే పథకం 214 సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో మొదలైంది. రిజిస్ట్రేషన్ల శాఖకు కంప్యూటరు అమర్చిన ఆ పనిని నడిపించిన అధికారి జె. సత్యనారాయణ. అప్పటిదాకా దస్తావేజును చేత్తో పుస్తకంలోకి ఎత్తి రాసేవారు. ఈసీ, అంటే ఆస్తి మీది లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, కావాలంటే పాత సూచికలన్నీ తిరగేయాలి, అందుకు రోజులు పట్టేది. కార్డ్ వచ్చాక ఈసీ నిమిషాల్లో చేతికి రావడం మొదలైంది. ఈ కథలో తరచూ మరుగున పడే సంగతి ఏమంటే, అప్పుడు పని చేసింది ఏ కార్యాలయానికి ఆ కార్యాలయంలో పెట్టిన సర్వరే. దాని చుట్టూ కొన్ని కంప్యూటర్లు, మధ్య ఒక స్థానిక నెట్‌వర్కు. కార్డ్ పైథాన్‌లో రాసింది కాదు, దానివి వెబ్ పేజీలూ కావు. అయినా మన వాదానికి అది పెద్ద సాక్ష్యం. ఊరూరా ఇంటర్నెట్ లేని రోజుల్లో, రాష్ట్రమంతటా పరుచుకున్న ఒక సేవ, బయటి తీగతో సంబంధం లేకుండా నడిచింది.

ఇక్కడే మొదటి గట్టి అభ్యంతరం లేస్తుంది. ఆ పద్ధతి నిలిచిందా? రిజిస్ట్రేషన్ల శాఖ తర్వాత కేంద్ర సర్వర్లకు మారిపోయింది, ఇవాళ ఈసీని ఎవరైనా ఎక్కడినుంచైనా చూడవచ్చు. బ్యాంకులదీ అదే దారి. 1923లో మచిలీపట్నంలో పుట్టి 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయిన ఆంధ్రా బ్యాంకు సహా మన బ్యాంకులు శాఖకో సర్వర్ అన్న ఏర్పాటును విడిచిపెట్టి, శాఖలన్నిటికీ ఒకే కేంద్ర వ్యవస్థ ఉండే కోర్ బ్యాంకింగులోకి వెళ్ళాయి. చరిత్ర స్థానికం నుంచి కేంద్రానికి నడిచినప్పుడు వెనక్కి నడవమనడం మొండితనం కాదా? కాదు. ఆ రెండు చోట్లా మార్పుకు కారణం స్థానిక సర్వర్ పనికిరాకపోవడం కాదు, చదివేవాళ్ళు మారడం. గుడివాడలో పొలం ఉండి హైదరాబాదులో ఉంటున్న మనిషి ఈసీ చూడాలనుకున్నాడు, అప్పిచ్చే బ్యాంకు తన ఆఫీసు నుంచే చూడాలనుకుంది. ఒక శాఖలో వేసిన డబ్బు ఇంకో ఊళ్ళో తీసుకునే రోజులు వచ్చాయి. లెక్కకు బయటి పాఠకులు పుట్టారు గనుక లెక్క బయటికి నడిచింది. విత్తనాల దుకాణపు స్టాకు పుస్తకానికి అలాంటి పాఠకులు లేరు, దాన్ని దూరం పంపి అక్కడినుంచి రోజంతా మళ్ళీ తెప్పించుకోవడంలో అర్థమూ లేదు. అదే ఘంటసాలలో దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచే ఉదాహరణ కూడా ఉంది. క్రీస్తుశకం 2వ శతాబ్దంలో టోలెమీ పేర్కొన్న కంటకొస్సూల అనే వర్తక పట్టణం ఈ ఊరేనని పండితులు గుర్తించారు. ఇక్కడి బౌద్ధ స్తూపపు శిల్పాలకు పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. ఆ శిల్పాల వివరాల పట్టిక తయారుచేస్తే అది స్థానిక సర్వర్‌లో దాగి ఉండకూడదు. దాని పాఠకులు ఏ దేశంలోనైనా ఉంటారు. ఒకే ఊరు, రెండు పుస్తకాలు, రెండు చిరునామాలు.

పైథాన్‌తోనే, వెబ్ పేజీలతోనే నడిచిన సాక్ష్యం తెలంగాణలో దొరుకుతుంది. టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, అమెరికాలోని ఎంఐటీ, టాటా ట్రస్టులు కలిసి నడిపిన కనెక్టెడ్ లెర్నింగ్ ఇనిషియేటివ్ (పొట్టిగా క్లిక్స్) ఛత్తీస్‌గఢ్, మిజోరం, రాజస్థాన్, తెలంగాణ రాష్ట్రాల ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో సాగింది. పాఠాలు అందించిన వేదిక ముంబైలోని హోమీ భాభా విజ్ఞాన విద్యా కేంద్రపు గ్నోలెడ్జ్ ల్యాబ్ తయారుచేసిన జీస్టూడియో. అది పైథాన్, జాంగోల మీద కట్టినది. బడి కంప్యూటర్ గదిలోనే ఒక సర్వర్, మిగతా కంప్యూటర్లలో బ్రౌజర్లు; పాఠం తెరవడానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. ఈ కార్యక్రమానికి సమాచార సాంకేతికతను విద్యలో వాడినందుకు యునెస్కో ఇచ్చే 2017 సంవత్సరపు కింగ్ హమద్ బహుమతి వచ్చింది. ప్రపంచమంతటా నెట్ లేని బడుల్లో వాడే కోలిబ్రీ అనే పాఠాల వేదిక కూడా జాంగోతో కట్టిందే, స్థానిక సర్వర్ మీద నడవడానికే పుట్టింది. వీటిని మెట్టు కింద వదిలేసిన పనులనలేం. అవి నిలవాలనుకున్న చోటే నిలిచాయి.

రెండో అభ్యంతరం భద్రత గురించి. ఫ్లాస్క్ తన సర్వర్‌ను మొదలుపెట్టగానే, ఇది అభివృద్ధి పనికే, నిజమైన వాడకానికి పెట్టవద్దని ఎర్ర అక్షరాల్లో హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక సరైనదే, దాన్ని దాటవేయకూడదు. డీబగ్ పద్ధతి తెరిచి ఉంచి 0.0.0.0 మీద నడిపితే, తప్పు వచ్చిన పేజీలోంచే అదే వైఫైలో ఉన్న వేరొకరు మన కంప్యూటరులో తమ ఆదేశాలు నడిపే ప్రమాదముంది. కానీ ఆ హెచ్చరిక తిట్టేది అభివృద్ధి సర్వర్‌ను, స్థానికతను కాదు. వెయిట్రెస్ అనే సర్వర్‌ను పిప్‌తో తెచ్చుకుని అదే ప్రోగ్రామును దాని కింద పెడితే సరిపోతుంది. అది విండోస్‌లోనూ నడుస్తుంది, గూనికార్న్ అనే మరో సర్వర్‌కు మాత్రం లినక్స్ లాంటిది కావాలి. కొనుగోలుకు వచ్చినవాళ్ళకు ఇచ్చే వైఫై వేరుగా పెట్టాలి. ఒక లోటు మాత్రం ఒప్పుకోవాలి. ఇలాంటి నెట్‌వర్కులో హెచ్‌టీటీపీఎస్ (గుప్తీకరించిన వెబ్ సంబంధం) పెట్టడం తేలిక కాదు. అది లేనిచోట ఫోను బ్రౌజరు ఆ పేజీని కెమెరా వాడుకోనివ్వదు, కనుక ఫోనుతో బస్తా మీది బార్‌కోడు చదివించాలనుకునేవాళ్ళకు స్థానిక సర్వర్ ఇబ్బందే.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం ఈ నేల వేసేది. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి వచ్చిన ఉప్పెన అలలు అయిదారు మీటర్ల ఎత్తున ఊళ్ళను ముంచాయి, 10,000కు పైగా ప్రాణాలు పోయాయి. అంతకు శతాబ్దానికి పైగా ముందు, 1864 నవంబరు 1న, మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది చనిపోయారని లెక్క. ఇలాంటి నేల మీద ఊరి లెక్కంతా ఊళ్ళోని ఒక్క పెట్టెలో పెట్టమనడం తెలివేనా? ఒక్క పెట్టెలోనే పెట్టమంటే తెలివి కాదు. అయితే తుపాను రెండు వైపులా కోస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకినప్పుడు కరెంటూ మొబైల్ నెట్‌వర్కూ రోజుల తరబడి లేవు. దూరాన సర్వర్‌లో భద్రంగా ఉన్న లెక్క, ఊళ్ళో కావలసినవాళ్ళకు అందలేదు. క్లౌడు లెక్కను కాపాడుతుంది, అందుబాటును కాపాడదు. స్థానిక సర్వర్‌కు ఇన్వర్టరు ఉంటే అందుబాటును కాపాడుతుంది, లెక్కను కాపాడదు. రెండో లోటు తీర్చడం మాత్రం చౌక. పుస్తకమంతా ఒక్క ఎస్‌క్యూలైట్ ఫైలు కనుక రోజూ దాని నకలు ఒకటి పెన్‌డ్రైవులో, ఇంకొకటి నెట్ ఉన్న వేళ బయటి ఊరికి పంపవచ్చు. ఎవరైనా రాస్తుండగా ఫైలును మామూలుగా కాపీ చేస్తే నకలు చెడిపోవచ్చు. 2018లో వచ్చిన పైథాన్ 3.7 నుంచి ఎస్‌క్యూలైట్ మాడ్యూలులో బ్యాకప్ చేసే సదుపాయం ఉంది, దాన్నే వాడాలి. మొదటి లోటు, అంటే తీగ తెగినప్పుడు దూరపు లెక్కను దగ్గరకు తెచ్చుకోవడం, డబ్బు పెట్టినా ఆ రోజుకు తీరేది కాదు.

ఎవరు చూసుకుంటారన్నది చివరి ప్రశ్న. క్లౌడులో నిర్వహణ వాళ్ళది, ఇక్కడ మనది. రాసిన కుర్రవాడు ఉద్యోగానికి బెంగళూరు వెళ్ళిపోతే పుస్తకం గతి ఏమిటి? ఇది నిజమైన కష్టమే. చిన్న సంస్థల్లో కంప్యూటరు పనులు ఆగేది చాలావరకు ఇలాగే. క్లౌడులో పెట్టినా రాసినవాడు వెళ్ళిపోవడం ఆగదు, పైగా చందా కట్టడం మరిచిపోతే పుస్తకమే మూతపడుతుంది. వంద వరుసల ప్రోగ్రాం, ఒక ఫైలు, వాడిన ప్యాకేజీల జాబితా, మొదలుపెట్టే విధానం రాసిన ఒక తెలుగు కాగితం. ఇవి గోడకు అంటించి ఉంటే బందరులోనో గుడివాడలోనో ఇంజనీరింగు చదివే ఏ విద్యార్థి అయినా పూటలో అర్థం చేసుకోగలడు. ఆ కాగితం ప్రోగ్రాంలో భాగమే అనుకోవాలి.

ఇలాంటి పుస్తకం పెట్టుకోదలచినవాళ్ళు మొదటి నెల కాగితపు స్టాకు రిజిస్టరును కూడా పక్కనే రాస్తూ ఉండండి. నెలాఖరున నకలు ఫైలును వేరే కంప్యూటరులో తెరిచి, రిజిస్టరులోని బస్తాల లెక్కతో సరిచూడండి. రెండూ కలిశాకే రిజిస్టరును బీరువాలో పెట్టండి.